కాలి బలమా, బూస్టర్ బలమా?

మన వైపు కార్తీకం వానలు పడితే గానీ జనానికి బ్రేకులు గుర్తుకు రావు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్రేకుల మీదే. అందులో ఒకటి పెద్దది, పాత జీపుకి బూస్టర్, అంటే బ్రేకు తొక్కే కాలికి సాయం చేసే పరికరం, వేయించాలా వద్దా అని. దానికి జవాబు కూడా పెద్దదే అయింది. మిగతావి చివర్లో చూద్దాం.

ప్రశ్న: అన్నా, మాది ఉదయగిరి పక్కన పల్లె. మా నాయన కొన్న పాత మహీంద్రా జీపు ఉంది, డీజిల్, ఫోర్ బై ఫోర్. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, బూస్టర్ లేదు. కొండ కింద మాకు బత్తాయి తోట ఉంది. అక్కడికి పోయే దారంతా గులకరాళ్ళు, మధ్యలో రెండు వాగులు, చివర్లో బాగా ఏటవాలు. వాగు దాటిన తర్వాత కాసేపు బ్రేకులు ఉన్నట్టే ఉండవు. పోయినేడు 29 అంగుళాల టైర్లు తీసి 33 వేయించాను, అప్పటినుంచి బ్రేక్ ఇంకా తగ్గింది. మొదటిసారి తొక్కితే పెడల్ కిందికి పోతుంది, వెంటనే మళ్ళీ తొక్కితే గట్టిగా పడుతుంది. మెకానిక్ ఏమో "బూస్టర్ వేసుకో, పవర్ బ్రేక్ అయిపోద్ది, వేలితో తొక్కినా ఆగుద్ది" అంటున్నాడు. మా ఫ్రెండు "కొండల్లో తిరిగే బండికి బూస్టర్ పెట్టొద్దు, ఇంజన్ ఆగిపోతే అంతే సంగతులు, మాన్యువలే మేలు" అంటున్నాడు. మా నాయనకి 70 దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా తాళంచెవి మాత్రం నా చేతికివ్వడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, ఉదయగిరి మండలం

జవాబు: తమ్ముడూ, మెకానిక్ చెప్పిందీ సగం నిజం, ఫ్రెండు చెప్పిందీ సగం నిజం. కానీ నువ్వు రాసిన దాంట్లో అసలు మాటని ఇద్దరూ పట్టించుకోలేదు. మొదటిసారి కిందికి పోతుంది, రెండోసారి పడుతుంది అన్నావు చూడు, ఆ ఒక్క ముక్కతోనే సగం రోగం తెలిసిపోయింది. అది బూస్టర్ లేక వచ్చిన జబ్బు కాదు. డ్రమ్ముని లోపలినుంచి పట్టుకునేది షూ, దాని మీద అరిగే పొర లైనర్. ఆ లైనర్లు అరిగి షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది, మొదటి తొక్కుకి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది) తోసిన ఆయిలంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతోంది, షూ పూర్తిగా వెనక్కి రాకముందే నువ్వు మళ్ళీ తొక్కుతున్నావు కాబట్టి రెండోసారి డ్రమ్ముని పట్టుకుంటోంది. ఈ స్థితిలో బూస్టర్ వేస్తే ఏమవుద్ది? పెడల్ అంతే కిందికి పోతుంది, కాకపోతే ఇంకాస్త తేలిగ్గా పోతుంది.

కాబట్టి డబ్బు తీసే ముందు ఒక్క పూట పని పెట్టుకో. ఒక్కో చక్రాన్నీ జాకీతో ఎత్తి, చేత్తో తిప్పుతూ, షూ డ్రమ్ముకి రాసుకునే దాకా అడ్జస్టర్ బిగించి, మళ్ళీ చక్రం ఫ్రీగా తిరిగేంత వరకు కాస్త వదలాలి. నాలుగు చక్రాలకీ అంతే. ఆ పనిలోనే డ్రమ్ములు కూడా ఊడదీయించి లోపల ఒకసారి చెయ్యి పెట్టి చూడు. లైనర్ మీద జిడ్డు తగిలిందంటే చక్రం దగ్గర షూని తోసే వీల్ సిలిండర్ కారుతోందనో, హబ్ సీలు పోయి గ్రీజో గేరాయిలో లోపలికి వస్తోందనో అర్థం. జిడ్డు పట్టిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి, సాండ్ పేపర్ రుద్ది మళ్ళీ ఎక్కిస్తుంటారు మనవాళ్ళు. అది రెండు రోజుల ముచ్చట, వేడెక్కగానే లోపల ఇంకిన నూనె మళ్ళీ పైకి వస్తుంది. ఆ లైనర్ మార్చాల్సిందే, మార్చేటప్పుడు ఆ ఇరుసుకి రెండు వైపులా మార్చాలి, లేకపోతే బ్రేక్ కొట్టినప్పుడల్లా బండి ఒక పక్కకి లాగుతుంది.

పెడల్ ఏం చెబుతోందో పాదానికి తెలుస్తుంది, కొంచెం శ్రద్ధ పెట్టాలంతే. స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరింది. గట్టిగానే ఉండి, కాలు అలాగే ఉంచితే మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్లో రబ్బరు కప్పులు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే, అప్పుడు మాట్లాడాలి బూస్టర్ గురించీ, సిలిండర్ సైజు గురించీ. నీది ఇంకా ఆ దశకి రాలేదు.

వాగు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. డ్రమ్ములో నీళ్ళు నిలబడతాయి, తడిసిన లైనర్ జారుతుంది. దీనికి బూస్టర్ మందు కాదు. వాగు దాటి గట్టెక్కగానే చిన్న గేర్లో పోతూ ఎడమ కాలితో బ్రేకు మీద కొద్దిగా ఒత్తిడి ఉంచి వంద గజాలు నడిపితే వేడికి ఆరిపోతుంది. ఏటవాలు వచ్చాక కాదు, దానికి ముందే ఈ పని కావాలి. డిస్కు బ్రేకులకి ఈ బాధ తక్కువ, తిరిగే పళ్ళెం మీద నీళ్ళు నిలవవు, ప్యాడు ఒక్కసారి తగిలితే తుడిచేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బూస్టర్ అంటే పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య కూర్చునే ఒక పెద్ద రేకు డబ్బా, లోపల రబ్బరు పొర. కాలు పెట్టనప్పుడు పొరకి రెండు వైపులా గాలి లాగేసి ఉంటుంది. పెడల్ తొక్కగానే పెడల్ వైపు అరలోకి బయటి గాలి వస్తుంది, రెండో అరలో గాలి లేదు కాబట్టి ఆ తేడాతో పొర ముందుకి జరిగి, నీ కాలితో పాటు తనూ తోస్తుంది. 9 అంగుళాల బూస్టర్ తీసుకుంటే ఆ పొర వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్ల పైమాటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ముప్పావు కిలో పడినా మొత్తం దగ్గర దగ్గర 300 కిలోలు. అంటే మూడు పెద్ద వడ్ల బస్తాలకి దరిదాపు. మామూలు గాలి చేసే పని ఇది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ ఆ 300 కిలోలూ మాస్టర్ సిలిండర్ దగ్గరే ఆగుతాయి. డ్రమ్ము అదే డ్రమ్ము, లైనర్ అదే లైనర్, నేల అదే నేల. బూస్టర్ నీ కాలి కష్టాన్ని తగ్గిస్తుంది, బండిని ఆపేది మాత్రం చక్రం దగ్గరి బ్రేకూ, టైరు నేలని పట్టుకునే పట్టూ. గులకరాళ్ళ మీద ఆ పట్టే తక్కువ. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేని జీపుకి "వేలితో తొక్కినా ఆగుద్ది" అన్నట్టు బ్రేకులు పెట్టిస్తే, రాళ్ళ మీద చక్రాలు టపీమని బిగుసుకుపోతాయి, బండి మాత్రం ఆగదు, స్టీరింగ్ ఎటు తిప్పినా నేరుగా జారుతుంది. పాత జీపు పెడల్‌ని కదపకుండా దాని ముందు బూస్టర్ తగిలిస్తే జరిగేది సరిగ్గా ఇదే.

ఎందుకో చెప్తాను, టేపు తీసుకుని జీపు కిందికి దూరు. పెడల్ ఏ పిన్ను మీద తిరుగుతుందో అక్కడినుంచి పాదం ఆనే చోటుకి ఎంతుందో కొలువు, అదే పిన్ను నుంచి మాస్టర్ సిలిండర్ రాడ్డు తగిలే చోటుకి ఎంతుందో కొలువు. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. 12 అంగుళాలు, 2 అంగుళాలు వచ్చాయనుకో, 6 రెట్లు. బూస్టర్ లేని బండికి మామూలుగా 6 నుంచి 7 రెట్లు ఉంటుంది, బూస్టర్ ఉన్న బండికి 4, మహా అయితే నాలుగున్నర. మీటకోల పొడుగుంటే రాయి తేలిగ్గా లేస్తుంది, అదే లెక్క. మాన్యువల్ పెడల్ ఉంచి బూస్టర్ కూడా కలిపితే రెండు సాయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కాబట్టి బూస్టర్ వేసే మెకానిక్ పెడల్ లింకు మారుస్తాడా లేదా అని ముందే అడుగు. నీళ్ళు నమిలితే వేరే షెడ్డు చూసుకో.

మాన్యువల్‌గానే ఉంచి బ్రేకుని బలంగా చేసుకునే దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందులో పెద్ద సామాను అమ్ముడుపోదు. మాస్టర్ సిలిండర్ బోరు, అంటే దాని లోపలి వెడల్పు. నువ్వు కాలితో 30 కిలోలు తొక్కావు, పెడల్ 6 రెట్లు, రాడ్డు మీద 180 కిలోలు. 1 అంగుళం బోరు అయితే పిస్టన్ ముఖం 5 చదరపు సెంటీమీటర్లు, ఆయిల్లో పుట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 36 కిలోల దాకా. అదే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, అంటే 22 మిల్లీమీటర్ల బోరు అయితే అదే కాలికి 46 కిలోలు. బోరు తగ్గితే ఒత్తిడి పెరిగింది! సూది మొన గుచ్చుకున్నట్టు బొటనవేలు గుచ్చుకోదు కదా. అయితే ఊరికే వచ్చేది ఏదీ లేదు, బోరు తగ్గిన కొద్దీ ఒక తొక్కుకి పోయే ఆయిల్ తగ్గుతుంది, పెడల్ ఇంకా కిందికి పోవాలి. నీ బండిలో ఇప్పటికే పెడల్ నేలకి తగులుతోంది, అందుకే అడ్జస్ట్‌మెంట్ ముందు అన్నాను.

టైర్ల విషయం. 29 నుంచి 33కి పోయావంటే చక్రం అనే మీటకోలని పొడుగు చేసి నేలకి ఇచ్చావన్నమాట. అంతకుముందు ఆగిన దూరంలోనే ఆగాలంటే బ్రేకు సుమారు 14 శాతం ఎక్కువ పని చేయాలి, పైగా టైరు బరువు వేరే. బ్రేక్ తగ్గినట్టు అనిపించడం నీ భ్రమ కాదు. టైర్లు ఫొటోల్లో బాగుంటాయి, ఒప్పుకుంటాను. బత్తాయి బస్తాలు మోసే జీపుకి 31 అంగుళాలు చాలు అని నా మాట, వినేదీ మానేదీ నీ ఇష్టం.

ఇక మీ ఫ్రెండు భయం. అది పిరికి మాటేం కాదు. నేను షెడ్డు నడిపే రోజుల్లో సీతారామపురం దగ్గర ఘాట్ దిగుతూ ఒక డీజిల్ వ్యానులో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. బూస్టర్ ఉన్న బండి, వెనక లోడు. దిగుడు రాగానే ఆయన అలవాటుగా ఇంజన్ ఆపేసి న్యూట్రల్లో వదిలాడు, డీజిల్ మిగులుద్దని. మొదటి మలుపులో బ్రేకు బాగానే పడింది. రెండో మలుపులో కొంచెం బరువెక్కింది. మూడోసారికి బండరాయి మీద కాలు పెట్టినట్టు పెడల్ కదల్లేదు. ఆయన సీట్లోంచి లేచి రెండు కాళ్ళతో నిలబడ్డాడు, చెప్పు తెగిపోయింది, నేను హ్యాండ్ బ్రేక్ పట్టుకుని లాగుతుంటే లైనర్ కాలిన వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. చివరికి కొండ వైపు మట్టిగట్టుకి రాసి ఆపాడు. దిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆయన తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకున్నాడు.

ఆ రోజు బ్రేకులు ఫెయిల్ కాలేదు. ఆయిల్ ఉంది, షూ ఉంది, అన్నీ ఉన్నాయి. పోయింది సాయం మాత్రమే. బూస్టర్ పైపుకి ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది, ఇంజన్ ఆగినా డబ్బాలో మిగిలిన వ్యాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసిన ఖాళీతో, రెండు మూడు తొక్కుళ్ళు నడుస్తాయి. ఒక్కో తొక్కుకీ అది కరిగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది నీ కాలూ, 4 రెట్ల పొట్టి పెడలూ. మాన్యువల్ బండిలో అయితే ఇంజన్ ఉన్నా లేకున్నా బ్రేకు ఒకటే. మీ ఫ్రెండు మాటకి ఉన్న బలమంతా ఇదే, ఏటవాలు మీద ఇంజన్ ఆగిపోవడం మీ దారిలో వారానికి ఒకసారన్నా జరిగేదే కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం.

కానీ ఆగిపోయినప్పుడు ఏం చేయాలో తెలిస్తే ఆ రెండు మూడు తొక్కుళ్ళు చాలు. ఎక్కుతుండగా ఇంజన్ ఆగిందా, ఒక్కసారి గట్టిగా తొక్కి కాలు అలాగే ఉంచు, పంపు కొట్టినట్టు కొట్టొద్దు. కాలు ఎత్తనంత సేపు ఆ సాయం చేతిలో ఉన్నట్టే. హ్యాండ్ బ్రేక్ లాగు. క్లచ్ తొక్కి లో రేంజ్‌లో (ఫోర్ బై ఫోర్ బండికి విడిగా ఉండే నిదానం గేర్ల వరస) రివర్స్ గేరు వెయ్యి, క్లచ్ వదిలెయ్యి, అప్పుడు బండిని గేరే పట్టుకుంటుంది. తర్వాత బ్రేకు మెల్లగా వదులుతూ తాళంచెవి తిప్పితే, బండి గేర్లోనే స్టార్టై వచ్చిన దారినే నిదానంగా వెనక్కి దిగుతుంది. మీ నాయనకి ఇదంతా తెలిసే ఉంటుంది, పాత జీపు డ్రైవర్లు మనకంటే ఘనులు. దిగేటప్పుడు కూడా ఫోర్ బై ఫోర్ లో రేంజ్, ఒకటో గేరు, క్లచ్ మీద కాలు వద్దు. ఇంజనే సగం బ్రేకు.

డీజిల్ బండికి బూస్టర్ పెట్టేటప్పుడు ఇంకో మెలిక. పెట్రోలు ఇంజన్ తనంతట తానే గాలి లాగుతుంది, అక్కడినుంచి పైపు వేసుకుంటే చాలు. డీజిల్ ఇంజన్‌కి ఆ గుణం లేదు, గాలిని అడ్డుకునే త్రాటిల్ లేదు కాబట్టి. దానికి విడిగా వ్యాక్యూమ్ పంపు కావాలి. మన బండ్లలో ఎక్కువగా డైనమో వెనకాలే ఆ పంపు ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తోనే తడుస్తుంది. అంటే నీకు బూస్టర్‌తో పాటు పంపున్న డైనమో, దానికి ఆయిల్ వచ్చే పైపు, పోయే పైపు, ఇవన్నీ పెట్టాలి. ఒక్క బెల్టు తెగితే ఛార్జింగూ పోతుంది, బ్రేకు సాయమూ పోతుంది. బ్యాటరీ లైటు వెలిగితే "ఇంటికి పోయి చూద్దాంలే" అని నడిపేవాళ్ళు మనలో చాలామంది, ఈ బండిలో ఆ పని చేయకూడదు. సీటు కింద ఒక స్పేర్ బెల్టు, దాన్ని మార్చే పానాలు ఉండాల్సిందే. చోటుంటే ఒక చిన్న వ్యాక్యూమ్ ట్యాంకు కూడా కలిపించుకో, ఇంజన్ ఆగాక ఇంకో రెండు మూడు తొక్కుళ్ళు దొరుకుతాయి.

సరే, తీర్పు అడుగుతావు. నువ్వొక్కడివే నడిపే జీపైతే నేను మాన్యువలే అనేవాణ్ణి. షూ సరిచేసి, బోరు సరిచూసి, ఒక నెల నడుపు అని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ తాళంచెవి వదలడన్నావు. గులకరాళ్ళ ఏటవాలు మీద 70 దాటిన మోకాలు 30 కిలోలు తొక్కి, అలాగే పట్టుకుని ఉండాలి. ఒకరోజు ఉండలేదనుకో. ఆ ఒక్క కారణానికి నా ఓటు బూస్టర్‌కే. అదీ ఒక వరసలో.

ముందు ఇందాక చెప్పిన అడ్జస్ట్‌మెంట్, లైనర్లు. తర్వాత మాస్టర్ సిలిండర్ చూడు, పాత జీపుల్లో అది పెడల్ దగ్గరే నేల పలక కింద ఉంటుంది. అందులోంచి చక్రాలకి పోయే లైను ఒకటేనా, రెండా? ఒకటే అయితే ఒక్క రబ్బరు గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి, రెండు గదులున్న మాస్టర్ సిలిండర్ వేయించు. అమెరికాలో కార్లకి ఇది 1967 మోడళ్ళ నాటికే మామూలైపోయింది, మనం ఇంకా ఒకే లైను మీద కొండెక్కుతున్నాం. చేతిలో డబ్బు ఒక్క పనికే ఉంటే బూస్టర్ కంటే ముందు ఇదే చెయ్యి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఆ తర్వాతే బూస్టరూ, పెడల్ మార్పూ.

ముందు డిస్కులు కూడా వేస్తామంటారు. వేయించుకో, మంచిదే, పైగా బూస్టర్ ఉంటేనే డిస్కులకి అందం. డ్రమ్ములో చక్రం తిరిగే బలమే షూని లోపలికి లాక్కుని కొంత సాయం చేస్తుంది, డిస్కుకి ఆ సాయం లేదు, ఒత్తిడంతా కాలి నుంచే రావాలి. అందుకే డిస్కులు వేసి బూస్టర్ వేయనివాళ్ళు "డిస్కులు పెట్టినా ఆగట్లేదు" అని తిట్టుకుంటారు. ఇంకో సంగతి, మాస్టర్ సిలిండర్ నేల కిందే ఉండిపోతే అది డిస్కుని ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్ కంటే కిందికి ఉంటుంది, ఆయిల్ వెనక్కి జారిపోయి మళ్ళీ మొదటి తొక్కు వృథా అవుతుంది. దానికి లైన్లో ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు వేస్తారు, డిస్కుకి 2 పౌండ్లది, డ్రమ్ముకి 10 పౌండ్లది. తారుమారు చేశారంటే డిస్కులు పట్టేసి వేడెక్కిపోతాయి.

కాగితాల మాట కూడా చెవిన వేసుకో. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది, మీ జీపు 15 ఏళ్ళు ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి బండిని చూపించాలి కూడా. పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీవో ఆఫీసులో అడిగి, చేసిన పనికి బిల్లులు దాచుకో. అయ్యాక ఫిట్టర్ చేతిలోంచి బండి తీసుకునేటప్పుడు ఒక పరీక్ష. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కు, కాలు తీయకుండా ఇంజన్ స్టార్ట్ చెయ్యి, పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగలేదంటే బూస్టర్ పని చేయట్లేదు, డబ్బు ఇవ్వకు.

ప్రశ్న: చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండి, బూస్టర్ కంపెనీదే. ఈమధ్య పెడల్ తొక్కితే బుస్సుమని శబ్దం వస్తోంది, కాలు ఉంచినంత సేపూ వస్తోంది. పెడల్ కూడా బిరుసెక్కింది. బ్రేక్ ఆయిల్ తగ్గలేదు. డైనమో మార్చమంటున్నారు.
ఒంగోలు నుంచి

జవాబు: తొక్కిన క్షణంలో చిన్నగా బుస్సుమనడం మామూలే, గాలి లోపలికి పోయే చప్పుడు. కాలు ఉంచినంత సేపూ ఆగకుండా వస్తుంటే పొర చిరిగిందని నా అనుమానం. డైనమో మార్చే ముందు బూస్టర్ దగ్గర వ్యాక్యూమ్ పైపు ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా ఆ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టండి. వేలిని గట్టిగా పీల్చుకుంటే పంపు బాగుంది, తప్పు బూస్టర్‌లో ఉంది. పీల్చకపోతే పైపు పగుళ్ళు చూసి, ఆ తర్వాత పంపు. పైపు లోపల నల్లటి ఇంజన్ ఆయిల్ కనిపిస్తే మాత్రం రెండూ చూడాలి, పంపు లోంచి ఆయిల్ వెనక్కి వచ్చి పొర రబ్బరుని పాడు చేసి ఉంటుంది, కొత్త బూస్టర్ ఒక్కటే వేస్తే అదీ అలాగే పోతుంది. క్వారీ దుమ్ము మీద నెపం పెట్టకండి, ఇందులో దాని పాత్ర తక్కువ. లైనర్లని తినేది మాత్రం ఆ దుమ్మే.

ప్రశ్న: రొయ్యల గుంతల మీద తిరిగే జీపు. బ్రేక్ పైపులు ఏటేటా తుప్పు పట్టి కారుతున్నాయి. రాగి పైపు వేయిస్తే శాశ్వతం అంటున్నారు, నిజమేనా?
విడవలూరు మండలం

జవాబు: తుప్పు పట్టదు, నిజమే. కానీ ఉత్త రాగి బండి అదురుకి బిరుసెక్కి ఒకరోజు చెప్పకుండా చిట్లుతుంది. ఫ్రిజ్ రిపేరు షాపులో దొరికే రాగి గొట్టం బ్రేకులకి వాడొద్దు. రాగిలో నికెల్ కలిసిన బ్రేక్ పైపు విడిగా దొరుకుతుంది, దాన్ని అడగండి. చివరలు రెండు మడతలుగా వెడల్పు చేసి ఫ్లేర్ కొట్టాలి, మధ్యలో అతుకు వేసి నట్టు బిగించే పద్ధతి నీళ్ళ పైపులకి సరే, బ్రేకులకి కాదు. గుంతల నుంచి ఇంటికి రాగానే మంచినీళ్ళతో కింద భాగం కడిగితే ఇనప పైపు కూడా చాలాకాలం వస్తుంది. మీరు కడిగేది పైనేనని నాకు తెలుసు.

ప్రశ్న: ప్రయాణంలో బ్రేక్ ఆయిల్ తగ్గింది, ఊళ్ళో దొరక్క డబ్బాలో కొంచెం ఇంజన్ ఆయిల్ పోశాం. బ్రేక్ బాగానే పడుతోంది. మార్చాలా?
కావలి నుంచి

జవాబు: బండి అక్కడే ఆపండి. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నూనె జాతి కాదు. మామూలు నూనె తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బిపోతుంది. ఇవాళ బాగానే పడుతుంది, వారంలో మాస్టర్ సిలిండర్ కప్పులు ఉబ్బి బ్రేకు వదలకుండా పట్టేస్తుంది, ఆ తర్వాత అసలే పడదు. డబ్బాలోది తోడేసి కొత్తది పోస్తే సరిపోదు, లైన్లన్నీ కడిగి, మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాలి. పోసింది ఎంత అని కాదు, ఎక్కడిదాకా పోయింది అన్నదే లెక్క. తొక్కకుండా, ఆ డబ్బా దాటకముందే పట్టుకుని ఉంటే తక్కువలో పోయేది. కొత్తగా పోసేటప్పుడు మూత మీద డాట్ 3 అని రాసుంటే అది గానీ డాట్ 4 గానీ పోయొచ్చు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, డాట్ 3 అయితే 205. డాట్ 5 అని విడిగా ఉండేది సిలికోన్‌ది, వీటితో కలపొద్దు. డాట్ 3, డాట్ 4 రెండూ గాలిలోని తేమ పీలుస్తాయి కాబట్టి రెండేళ్ళకోసారి మార్చండి, సగం వాడి మూత సరిగ్గా పెట్టని డబ్బాని షెడ్డులోనే వదిలేసి, జీపులో సీలు తీయని చిన్న డబ్బా ఒకటి పడేసుకోండి.